ఆర్జవమే అర్చనము

శ్రీమద్భగవద్గీత పదునారవ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు దైవీసంపదను వివరించుచు అభయము, దానము, అహింస, సత్యము మొదలగు గుణములతోపాటు ఆర్జవమును గూడ పేర్కొనెను. పదుమూడవ అధ్యాయమున జ్ఞానసాధనములను చెప్పునప్పుడును ఈ గుణమును విడువలేదు. ఆర్జవమనగా వంకర లేకుండుట. ఇతరుల యెడ మనస్సు, వాక్కు, శరీరము ఒకే తీరున మెలగుటయే ఆర్జవమని భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున వివరించిరి. శ్రీభాష్యమున ఉపాసకునకు వలసిన ఏడు సాధనములను చెప్పుచు, వానిలో ‘కల్యాణము’ అను దానియందు సత్యము, ఆర్జవము, దయ, దానము మున్నగువానిని చేర్చిరి. కావున నిజాయితీ లోకమర్యాద మాత్రమే కాదు. అది భగవదుపాసనకు అంగము.

సత్యమును చెప్పిన పిమ్మట ఆర్జవమును వేరుగా చెప్పనేల యను సందేహము కలుగవచ్చును. ద్రోణపర్వమునందలి అశ్వత్థామ వృత్తాంతమే దీనికి సమాధానము. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి నెల్లూరివాడగుటచే ఈ సీమవారికి అది ఇంటి కథ వంటిది. అశ్వత్థామ యను పేరుగల ఏనుగు చచ్చెను. ధర్మరాజు అశ్వత్థామ హతుడయ్యెనని గురువునకు వినబడునట్లు పలికి, ఏనుగు మాటను మాత్రము వినబడకుండ పలికెను. అక్షరములను లెక్కించినచో అందు అసత్యము లేదు. కాని తన కుమారుడే మరణించెనని ద్రోణుడు నమ్మవలెనన్నదే ఆ పలుకుల ఉద్దేశము. అంతవరకు నేలకు నాలుగంగుళములు పైన నిలిచి నడచుచుండిన ధర్మరాజు రథము అప్పుడు నేలను తాకెనని వ్యాసభారతము చెప్పుచున్నది. ప్రేరేపించినవారు ఎవరైనను, అవసరము ఎంతటిదైనను రథము దిగక తప్పలేదు. మాట నిలిచినను మనస్సు వంకరయైనచో ఆర్జవము నిలువదు.

ఇట్టి పరీక్షలు కురుక్షేత్రమున మాత్రమే కలుగునవి కావు. నెల్లూరికి దక్షిణమున, గూడూరుకు చేరువగా నున్న మనుబోలు వరిపొలముల సీమ. కోతలు ముగిసిన పిమ్మట ధాన్యము కాటా ఎక్కును. ఈ జిల్లాలో ధాన్యమును పుట్లలో బేరమాడుట వాడుక. పుట్టి యనగా 850 కిలోలు. అమ్మువాడు పైన ఎండిన గింజను, అడుగున తడి గింజను నింపినచో అతని నోరు మెదపకున్నను బస్తా బొంకినట్లే. కొనువాడు తేమయనియు, తాలనియు పేరుపెట్టి న్యాయమైన తరుగును మించి లాగినచో కాటా బొంకినట్లే. బస్తాకు ఒకటి రెండు కిలోలేగదా యని అనుకొందురు. కాని కౌలు చెల్లించి, ఎరువుల అప్పు తీర్చి, కోత కూలి ఇచ్చిన పిమ్మట రైతు ఇంటికి మిగులునది ఆ చివరి గింజలే. ఆ కిలోలు బిడ్డ చదువు కావచ్చును, తల్లి మందు కావచ్చును. పాలలో కలిసిన నీరు, నిమ్మకాయల బస్తా అడుగున దాగిన కుళ్లుకాయ, నేడు వ్రాయదగిన కాగితమును చేతి తడి కొరకు రేపటికి త్రోయుట — ఇవన్నియు ఆ జాతివే.

ఈ సీమ రైలు మార్గముననే నెల్లూరు వైపునుండి ఎందరో యాత్రికులు గూడూరు మీదుగా తిరుపతికి పోవుచుందురు. పంట చేతికి వచ్చిన ఇంట పసుపుగుడ్డలో ముడుపు కట్టి వడ్డికాసులవానికి సమర్పించుట మన ఆచారము. ఆచారము పవిత్రమైనది. కాని ఆ ముడుపులో పరుల గింజల వెల కలిసియున్నచో దానిని సమర్పించుటకు మనకు హక్కు ఎక్కడిది? తనది కానిదానిని ఇచ్చుట దానము కాజాలదు. హుండి కాటాకు పరిహారము కాదు. తూకమున తీసినదానిని తూకము వద్దనే తిరిగి ఇయ్యవలెను. ముడుపు ఆ పిమ్మటిది.

వరాహపురాణాంతర్గతమైన కైశిక మాహాత్మ్యమున ఒక భక్తుని కథ కలదు. వైష్ణవ సంప్రదాయము అతనిని నంపాడువాన్, అనగా మన గాయకుడు, అని పిలుచుచున్నది. అంత్యకులమున జన్మించిన అతడు తిరుక్కురుంగుడి స్వామి గుడి వెలుపల నిలిచి ఏకాదశి రాత్రులందు గానము చేయుచుండెడివాడు. ఒకనాటి రాత్రి త్రోవలో బ్రహ్మరాక్షసుడు పట్టుకొని భక్షింపబూనెను. స్వామిసేవ ముగించి తిరిగి వత్తునని అతడు వేడెను, రాక్షసుడు నమ్మలేదు. పదునెనిమిది శపథములు చేసిన పిమ్మట విడిచెను. గానము ముగిసినది. తెల్లవారినది. తప్పించుకొనుటకు వేరు త్రోవ కలదు. వృద్ధుని రూపమున ఎదురైన స్వామియే ప్రాణము కాపాడుకొమ్మని చెప్పెను. అతడు అంగీకరింపలేదు, ఇచ్చిన మాట కొరకు రాక్షసుని యొద్దకే వచ్చెను. తుదకు అతని గానఫలముచే రాక్షసునకే విముక్తి కలిగెను. తిరుమలలో కార్తిక శుక్ల ద్వాదశినాడు సూర్యోదయమునకు ముందు ఉగ్రశ్రీనివాసమూర్తి ఊరేగుట, కైశిక పురాణ పఠనము జరుగుట భక్తులెరిగినదే. గుడికి పోవు త్రోవలో భక్తి కనబడును. గుడినుండి తిరిగి వచ్చు త్రోవలో ఆర్జవము తెలియును.

గుడి వెలుపల నిలిచిన భక్తుని మాట వచ్చినప్పుడు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయము స్మరణకు వచ్చును. హరిజనులకు ఆ ఆలయ ప్రవేశము కొరకు పొట్టి శ్రీరాములుగారు 1946లో నిరాహారదీక్ష పూనిరి. దేవుని ముందు అందరును సమానులని సభలలో పలికినవారు పెక్కుమంది. ఆ పలుకునకు తమ శరీరమును పూటబెట్టినవారు అరుదు. హరిజనోద్ధరణ నినాదములు వ్రాసిన అట్టలను ధరించి, చెప్పులు లేక, గొడుగు లేక నెల్లూరు వీధుల ఎండలో వారు తిరిగిరి. చూచి వెర్రియనుకొన్నవారును కలరు. 1952లో ఆంధ్రరాష్ట్రము కొరకు 58 దినములు ఉపవసించి, డిసెంబరు 15న ప్రాణము విడిచిరి. ఈ జిల్లా నేడు వారి పేరనే పిలువబడుచున్నది. ఆ పేరును ప్రతి చిరునామాలోను వ్రాయు మనకు ఆ ఋజుత్వమున ఒక పాలైనను అలవడవలెను గదా.

ప్రాణత్యాగము మన నుండి ఎవరును కోరుటలేదు. కోరునది చిన్నది, అయినను ప్రతిదినము కోరును. అప్పులవాడు వాకిట నిలిచినప్పుడు నాన్న ఇంట లేడని చెప్పుమని బిడ్డకు నేర్పకుండుట. ఇంట కూర్చుండి త్రోవలో ఉన్నానని ఫోనులో చెప్పకుండుట. పొరపాటున ఎక్కువ వచ్చిన చిల్లరను తిరిగి ఇచ్చుట. కూలివానికి ఒప్పుకొన్న వేతనమును ఒప్పుకొన్న దినముననే ఇచ్చుట. సాయంకాలము దీపము వెలిగించిన పిమ్మట ఒక్క క్షణము నిలిచి, నేడు నేను తలచినది, పలికినది, చేసినది ఒక్కటేనా, పరులకు చెందినది ఏదైనను నా ఇంట ఉన్నదా యని ప్రశ్నించుకొనవలెను. ఉన్నచో తెల్లవారగానే తీర్చవలెను. ఈ నియమమునకు ఖర్చు లేదు, ముహూర్తము అక్కరలేదు.

ఊర్ధ్వపుండ్రము మన నొసట నిలుచును. లోకులు దానిని చూతురు. కాటా ముల్లును మాత్రము అంతర్యామియైన స్వామి చూచుచుండును. ఆ రెండును ఒకే రీతిని ఋజువుగా నిలిచిన ఇంట శ్రీనివాసుడు పిలువకయే నివసించును.