జీతమా? పిలుపా?

ధ్యాన భాగములు: యిర్మీయా 29:4–7, 2 రాజులు 5:1–4



మన గ్రామ సంఘములలో ఆదివారపు ఆరాధన ముగియు వేళ ప్రార్థన మనవులు చెప్పుకొనునప్పుడు, ఈ దినములలో తరచుగా వినబడు మనవి యొకటి కలదు. “మా అమ్మాయికి వీసా రావలెనని ప్రార్థించండి” అని తల్లి నిలువబడి అడుగును. మనమందరము ప్రార్థింతుము. వీసా వచ్చిన వారము కృతజ్ఞతార్పణ వచ్చును. అటుపిమ్మట ఆ బిడ్డ పేరు మన ప్రార్థనలలో మెల్లగా వినబడక పోవును. ఇందునుండి ఒక ప్రశ్న పుట్టుచున్నది. జీతము కొరకు పరదేశమునకు పోయిన క్రైస్తవ ఉపాధ్యాయురాలు దేవుని పిలుపు మీద పోయినదని చెప్పవచ్చునా? లేక పిలుపు మిషనరీలకే గాని జీతగాండ్రకు లేదా?

హైదరాబాదునకు పడమట, మాదాపూరు రాతిగుట్టల నడుమ, సైబర్ టవర్స్ అను పది అంతస్తుల భవనము 1998 నవంబరు 22న ప్రారంభింపబడెను. నాటినుండి హైటెక్ సిటీ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు ప్రాకి సైబరాబాదు అను పేరు పొందెను. 2008లో బేగంపేటలో తెరువబడిన అమెరికా కాన్సులేటు కూడ 2023లో నానక్‌రామ్‌గూడకే తరలి వచ్చెను. కాబట్టి మన పల్లెల బిడ్డలకు ఆ ప్రాంతము పని దొరకు చోటు మాత్రమే కాదు, సముద్రము దాటుటకు వాకిలియు నైనది. ఆ వాకిట కాగితములు చేతపట్టుకొని నిలుచువారందరు కంప్యూటరు పనివారే కారు. పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పు ఉపాధ్యాయులును వారిలో ఉన్నారు.

మొదటి శోధన ఆ వాకిటనే కలదు. ఉపాధ్యాయులకిచ్చు మార్పిడి వీసాకు రెండేండ్ల బోధనానుభవము కావలెను. అనుభవము లేనివారికి దొంగ పత్రము సంపాదించి పెట్టెదమని చెప్పు మధ్యవర్తులు నగరములో దొరకుదురు. దీనిని చిన్న అబద్ధమని యెంచవద్దు. రేపు పిల్లవాడు ప్రక్కవాని పలక చూచి వ్రాసినప్పుడు, ఆ ఉపాధ్యాయురాలు ఏ నోటితో గద్దించును? అబద్ధముతో తెరచిన తలుపు గుండ పోయి సత్యమును బోధించుట కుదరదు. రెండేండ్లు మన ఊరి బడిలోనే పని చేసి నిజమైన పత్రముతో పోవుట ఆలస్యమే గాని నష్టము కాదు.

ఇక జీతము మాటకు వత్తము. మద్రాసు నుండి బయలుదేరిన ఓడ 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని నేటాలునకు మొదటి కూలీలను చేర్చెను. అది మొదలు మన తెలుగువారును వేలాదిగా అయిదేండ్ల ఒడంబడికపై పోయి చెరకు తోటలలోను తేయాకు తోటలలోను పని చేసిరి. వారిని ఏ సంఘమును చేతులుంచి పంపలేదు. కూలి కొరకు, ఆకలి వలన పోయిరి. అయినను వారిలో కొందరు బాప్తిస్టు విశ్వాసులు తమ విశ్వాసమును ఓడరేవులో విడిచి పోలేదు. వారి నిమిత్తము 1903లో తెలుగు బాప్తిస్టుల హోం మిషనరీ సంఘము జాన్ రంగయ్యగారిని నెల్లూరు ప్రాంతమునుండి నేటాలునకు పంపెను. ఆ సంవత్సరమే కియర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. ఆలోచించుడి: మిషనరీ రాకముందే ఆ నేలను దున్నినవారెవరు? జీతగాండ్రే గదా! కాబట్టి కూలి కొరకు పోయినవాడు పిలుపు లేనివాడని మనము తీర్పు తీర్చరాదు. పౌలు డేరాలు కుట్టి బ్రదికెను. అందువలన ఆయన అపొస్తలత్వము తరిగిపోలేదు.

అయితే జీతము తీసికొను ప్రతివాడును పిలుపు నెరవేర్చుచున్నాడా? అదియు కాదు. యిర్మీయా బబులోను చెరలోనున్నవారికి వ్రాసిన పత్రికను చూడుడి. ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని చెప్పి ఆయన అక్కడితో ఆగలేదు. తమ్మును చెరగొనిపోయిన ఆ పట్టణము యొక్క క్షేమమునే కోరి, దాని కొరకు ప్రార్థింపుమనెను. పరదేశమున మనకేమి దొరకుననునది ఒక ప్రశ్న. మన వలన ఆ పరదేశమునకేమి మేలనునది మరియొక ప్రశ్న. మొదటి ప్రశ్నతోనే తృప్తిపడువాడు జీతగాడు. రెండవ దానిని కూడ అడుగువాడు పిలువబడినవాడు.

అమెరికా దేశపు ప్రభుత్వ పాఠశాలలో మన ఉపాధ్యాయురాలి దినము ఎట్టిదో తలంపుడి. ఇక్కడ మన యిండ్లలో సాయంకాలము దీపములు పెట్టు వేళకు అక్కడ తెల్లవారి బడిగంట మ్రోగును. పిల్లల పలుకుబడి ఆమెకు తెలియదు. ఆమె పలుకుబడి పిల్లలకు తెలియదు. కొందరు నవ్వుదురు. మన ఊళ్లో అయ్యవారు రాగానే లేచి నిలుచు పిల్లలను చూచిన కన్నులకు ఇది కష్టము. పగలంతయు బోధించి, రాత్రి ఒంటరి గదిలో మరునాటి పాఠము సిద్ధపరచుకొని, అప్పుల లెక్క చూచుకొని పరుండును. తరగతిలో ఆమె ప్రార్థన చేయించరాదు. ప్రభుత్వము కూర్చిన ప్రార్థనను ప్రభుత్వ బడులలో చెప్పించరాదని ఆ దేశపు సుప్రీం కోర్టు 1962లో తీర్పు చెప్పెను.

“అట్లయిన దీపమును కుంచము క్రింద పెట్టినట్లు కాదా?” అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మేమిట్లు తలంచుచున్నాము. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములో మత బోధ ఉండరాదని మన రాజ్యాంగము 28వ అధికరణములో కలదు. ఆ కట్టడ మన బిడ్డలకును కాపుదలయే. మార్కులు వేయు చేయి బలముగల చేయి. ఆ చేతి భయముచేత పిల్లవాడు చేయు ప్రార్థన ప్రార్థన కాదు. మన బిడ్డలకు మనమే కాపుదల కోరుదుమో దానినే పరుల బిడ్డలకును ఇయ్యవలెను. మత్తయి 7:12లో ప్రభువు నేర్పిన కొలత ఇదియే గదా. దీపము నోటిలో మాత్రమే వెలుగునది కాదు. మందబుద్ధి యని పేరుపడిన పిల్లవాని యొద్ద మరి పది నిమిషములు కూర్చుండుట, రంగును బట్టి గాని ధనమును బట్టి గాని మార్కు దిద్దకుండుట, నవ్విన పిల్లవానిపై పగ పెట్టుకొనకుండుట, ఇవన్నియు వెలుగే.

నయమాను ఇంట నున్న ఇశ్రాయేలు చిన్నదానిని జ్ఞాపకము చేసికొనుడి. ఆమె ప్రసంగము చేయలేదు. యజమానురాలితో ఒక్క మాట పలికెను. సేనాధిపతి ఆ మాటపై ప్రయాణము కట్టెను. దాసి మాట కంత విలువ యెట్లు వచ్చెను? అంతకు ముందు దినదినము ఆమె చేసిన నమ్మకమైన పనియే ఆ మాటకు విలువ నిచ్చెనని మనము అనుకొనవచ్చును.

మన దేశమునకు పరదేశి ఉపాధ్యాయులు వచ్చిన కాలమును మరువరాదు. రాబర్ట్ నోబుల్‌గారు 1841లో మచిలీపట్నము వచ్చి 1843లో పాఠశాల తెరచిరి. తొమ్మిదేండ్లు బోధించిన పిమ్మట 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, తక్కిన పిల్లలను తల్లిదండ్రులు తీసికొనిపోయి బడి దాదాపు ఖాళీ యాయెను. ఆయన మరల మొదటినుండి ఆరంభించెను. స్వదేశము చూడకయే 1865లో ఆ ఊరనే కన్నుమూసెను. అయినను ఆయన బడిలో అంటరానివారనబడిన వారి పిల్లలకు చోటు లేకపోయెను. మన తాతలు ఆ గడప వెలుపలనే నిలిచిరి. ఇంత ఓర్పుగల సేవకుడును ఆ దేశాచారమునకు లొంగెనన్న సంగతి మనము దాచరాదు. పరదేశములో ఉపాధ్యాయునికి కలుగు గొప్ప శోధన ఇదియే: అక్కడి బలవంతులను మెప్పించుట.

కాబట్టి సంఘములారా, మనకు చేయవలసిన పని కలదు. పొలము తాకట్టు పెట్టి అప్పు తెచ్చుటకు ముందే కుటుంబముతో కూర్చుండి లెక్క చూడుడి. ఆ వీసా సాధారణముగా మూడేండ్లది. మరి ఒకటి రెండేండ్లు పొడిగింపు దొరకవచ్చును. గడువు తీరి తిరిగి వచ్చిన బిడ్డను ఓడిపోయిన దానివలె చూడకుడి. నేర్చినదానిని మన బడులలో వినియోగింప పిలువుడి. వీసా కొరకే గాక, ఆమె యెదుట కూర్చుండు పిల్లల కొరకు ప్రార్థించుడి. మరియు సముద్రము దాటని మన ఊరి బడిపంతులమ్మను కూడ అదే ప్రార్థనలో తలంచుడి. జీతములో భేదమున్నది గాని పిలుపులో భేదము లేదు.

ఎక్కడ బోధించినను, తమ యెదుటనున్న చిన్నవారి క్షేమమును కోరు హృదయమును ప్రభువు మన ఉపాధ్యాయులకు అనుగ్రహించును గాక. ఆమేన్.