రాత్రి చల్లబడునప్పుడు

యోబు గ్రంథమున పేర్కొనబడిన మృగశీర్ష రాశిలోని నీహారికను 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపరు అమెరికాలో మొట్టమొదట ఛాయాచిత్రము తీసెను. అందుకు 51 నిమిషములు పట్టెను. హైదరాబాదు నిజామియా వేధశాలవారును 1914 మొదలు 1929 వరకు నక్షత్ర పటము కొరకు ఆకాశమును గాజు పలకలపై చిత్రించిరి.

నీహారిక పొగమంచువలె పలుచనిది. అంచు లేని దానిపై ఫోకస్ కుదుర్చుట కష్టము. కావున పరిశీలకుడు ముందుగా ఒక ప్రకాశమానమైన నక్షత్రమును సూదిమొనయంత బిందువగువరకు సవరించుకొని, పిమ్మట నీహారికవైపు దూరదర్శినిని త్రిప్పును. అయినను రాత్రి గడచుకొలది గాలి చల్లబడి, లోహపు గొట్టము వెంట్రుకవాసి కుంచించుకొనును. దానినెవరును తాకలేదు, నక్షత్రమును కదలలేదు. ఫోకస్ మాత్రము తప్పును. పలకను కడిగిన తరువాతగాని ఆ సంగతి తెలిసెడిది కాదు. నేడు పలకకు బదులు ఎలక్ట్రానిక్ పరికరము వచ్చినను గొట్టము చల్లబడుట మానలేదు.

ప్రేమ చల్లారు దినములను గూర్చి ప్రభువు శిష్యులను హెచ్చరించెను (మత్తయి 24). బాప్తిస్మ దినమున విశ్వాసికి స్పష్టముగా కనబడిన క్రీస్తు ముఖము ఏండ్లు గడచినపిమ్మట మసకబారవచ్చును. అతడు ఘోరపాపమేదియు చేయలేదు. ఆరాధన మానలేదు, కానుక మానలేదు. చల్లబడెను, అంతే. (ఘోరపాపములను గూర్చిన ప్రసంగములకు సంఘములలో కొదువ లేదు, ఈ చల్లదనమును గూర్చి వినబడుట అరుదు.)

అనుభవముగల పరిశీలకుడు ఒక చిత్రమునకును మరియొక చిత్రమునకును నడుమ, నీహారికను విడిచి, మరల ఆ నక్షత్రమునొద్దకే పోవును.