నిర్మాల్యం ఎక్కడికి వెళ్ళాలి?

నవరాత్రులు వస్తున్నాయంటే మన గుడి వంటింట్లో ముందుగా దిగేవి నిమ్మకాయల పెట్టెలే. అమ్మవారికి దండలు, రాహుకాల దీపాలకు డొప్పలు, సాయంత్రం ప్రసాదానికి పులిహోర. ఆ తొమ్మిది రోజులూ మన చేతులకు నిమ్మ వాసన వదలదు. పూజ బాగా జరుగుతుంది, పులిహోర గంటలో అయిపోతుంది. ఆ తరువాత వెనుక తలుపు దగ్గర మిగిలే తొక్కల గుట్ట సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

క్రిందటి దసరాకు మేము కొందరం ఆ తొక్కలను, వాడిన దండలను గుడి వెనుక తోటలో ఎరువు గుట్టలో వేయడం మొదలుపెట్టాం. రెండవ రోజునే ఒక పెద్దావిడ వచ్చి నిలబడి అడిగారు: "నాయనా, అమ్మ మెడలో ఉన్న కాయను కాఫీ పిప్పితో, కూరగాయల చెక్కుతో కలిపి కుళ్ళబెడతారా? ఇది అపచారం కాదూ?"

మా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆవిడ వెళ్ళాక ఒక విషయం గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు అవే కాయలను పేపరు ప్లేట్లతో కలిపి నల్ల సంచిలో మూట కట్టి చెత్త డబ్బాలో పడేశాం. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మూట కట్టేస్తే కంటికి కనబడదు. కంటికి కనబడనిది అపచారం కాకుండా పోతుందా?

నిర్మాల్యాన్ని తొక్కరాదని, పారే నీటిలో గాని చెట్టు మొదట్లో గాని వేయాలని మన పెద్దలు నేర్పారు. ఇక్కడ, దక్షిణ కాలిఫోర్నియాలో, ఏడాదిలో చాలా భాగం ఏరుల్లో నీరే ఉండదు. సముద్రంలో దండలు, దారాలు కలపడం సముద్రానికి మేలు చేసే పని కాదు. ఇక మిగిలింది చెట్టు మొదలు. ఆలోచించి చూస్తే ఎరువు గుట్ట చేసేదీ అదే పని. కాకపోతే చెట్టు మొదటికి చేరడానికి కొన్ని నెలలు పడుతుంది.

"కుళ్ళు" అనే మాటే మనకు గిట్టదు. అసూయకు కూడా అదే పేరు పెట్టుకున్నాం. "ఎరువు" అంటే మాత్రం రైతు బిడ్డలకు గౌరవం. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా ముఖ్యంగా గాలి. నిమ్మ తొక్కను ఎండుటాకులతో కలిపి, అప్పుడప్పుడు తిరగవేసి, గాలి తగలనిస్తే మట్టి వాసన వేసే ఎరువవుతుంది. అదే తొక్కను చెత్తకుప్పల అడుగున గాలి ఆడకుండా పూడ్చితే మీథేన్ వాయువై, వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. ఈ కారణంగానే కాలిఫోర్నియాలో 2016లో ఒక చట్టం చేసి, 2022 జనవరి నుండి వంటింటి వ్యర్థాలను విడిగా సేకరించడం మొదలుపెట్టారు. కాయ అదే, గతి మాత్రం మన చేతిలో ఉంది.

నిమ్మ, నారింజ తొక్కలు ఎరువుకు పనికిరావని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. తొక్క మందంగా ఉండి, అందులో నూనె ఉండటం వల్ల నిదానంగా మారుతుంది, అంతే. చిన్న ముక్కలుగా తరిగి, రెండు మూడింతల ఎండుటాకులు కలిపితే చాలు. పులుపు చివరకు విరిగిపోతుంది. పచ్చని బూజు పడితే భయపడవలసిన పని లేదు, అదీ పని చేస్తున్న జీవమే. వానపాముల డబ్బాలో మాత్రం ఎక్కువగా వేయకండి, వాటికి ఈ తొక్కలు పడవు. నూనె, నెయ్యి పీల్చుకున్న దీపపు డొప్పలు, ఉప్పు వేసిన ఊరగాయ ముక్కలు, నైలాన్ దారాలు గుట్టలో వేయరాదు. పిండిన చెక్కలకు ఎరువు కంటే ముందు మరొక సేవ ఉంది. కాస్త ఉప్పు అద్ది తోమితే ఇత్తడి కుందులు తళతళలాడతాయి. అలా తోమిన చెక్కలను మాత్రం తోటలో వేయకుండా విడిగా తీసేయండి.

మరొక చిక్కు ఉంది. నిమ్మ జాతి చెట్లకు ప్రాణాంతకమైన పచ్చరోగం 2012లో లాస్ ఏంజిలస్ కౌంటీలో బయటపడింది. సోకిన చెట్టును బతికించే మందు లేదు. దాన్ని మోసే చిన్న పురుగు మన కరివేపాకు మొక్క మీద కూడా బతుకుతుంది. రోగం ఉన్న ప్రాంతాల్లో పెరటి కాయలను ఇల్లు దాటించవద్దని అధికారులు కోరుతున్నారు. "మా చెట్టు తొలికాయ అమ్మవారికి" అని భక్తితో తేవడం, "మీకూ ఒక కరివేపాకు మొక్క" అని ప్రేమతో ఇవ్వడం మన సంప్రదాయం. కాని మన భక్తి పొరుగువాడి చెట్టుకు ముప్పు తేకూడదు. అలాంటి చోట ఉన్నవారు పెరటి కాయను ఇంట్లోనే నైవేద్యం పెట్టి, తొక్కలను ఆ పెరట్లోనే ఎరువు చేసుకోవడం మంచిది. కత్తిరించిన కొమ్మలు, ఆకులు అక్కడే బాగా ఎండిన తరువాతే బయటకు పంపాలి.

ఆ పెద్దావిడ ప్రశ్నకు మేము ఇచ్చుకున్న సమాధానం ఇది. నిర్మాల్యానికి వేరే గుట్ట పెట్టాం. దానిలో వంటింటి చెక్కు కలపం. ఆ ఎరువు పూజకు పూలిచ్చే మందార, నందివర్ధనం మొక్కలకే పోస్తాం, కాళ్ళు తిరిగే దారిలో వేయం. మొన్న వసంతంలో మొదటి గంప ఎరువు ఆవిడకే చూపించాం. చేతిలోకి తీసుకుని వాసన చూసి, "మట్టే కదా" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆవిడ ఒప్పుకున్నట్లో కాదో మాకు ఇప్పటికీ తెలియదు. కాని ఆవిడ అడగకపోతే మేము ఇంత ఆలోచించేవాళ్ళం కాదు.

అయితే ఎరువు చేస్తున్నాం కనుక ఎంత వృథా చేసినా ఫరవాలేదని అనుకుంటే అది మరొక అపచారం. ఎంతోమంది ఇళ్ళలో ఫ్రిజ్ అరలో క్రిందటి ఏటి ప్రసాదపు నిమ్మకాయ రాయిలా ఎండి ఉంటుంది. వాడము, పారేయడానికి భయపడతాం. ప్రసాదం ముందు నాలుకకు చేరాలి. పప్పులోనో మజ్జిగలోనో పిండుకుని కళ్ళకు అద్దుకుంటే దానికి దక్కవలసిన గౌరవం దక్కినట్లే. తినగా మిగిలినదే మట్టికి. ఈసారి దండకు కాయలు తెచ్చేవారు ముందుగా వంటింటి వారిని ఒక మాట అడిగి, కావలసినన్నే తెండి. నూలు దారంతోనే గుచ్చండి.

అమ్మవారికి ఇచ్చినదేదీ మనది కాదని చెప్పుకుంటాం. మనది కానప్పుడు దాన్ని పారేసే హక్కు మనకు ఎక్కడిది? జాగ్రత్తగా తిరిగి అప్పగించడమే మన వంతు.