సుషుప్తిలో లెక్క వ్రాసేదెవరు?

నిద్రలో ఉన్న ప్రాణి స్థితిని ఆ నిద్రకు భంగం కలిగించకుండా తెలుసుకోవడం సాధ్యమా, సాధ్యమైతే అలా తెలిసినది నిజంగా దేనిని గురించిన జ్ఞానం అన్న ప్రశ్న భారతీయ దర్శనాలలో చాలా పాతది. లేపి అడిగితే జవాబు చెప్పేవాడు మేలుకున్నవాడే గాని నిద్రించినవాడు కాడు. లేపకుండా అడిగితే జవాబు చెప్పేవాడే లేడు. ఈ చిక్కు ఉపనిషత్తులలో గురుశిష్యుల సంవాదంగా, న్యాయ వేదాంత గ్రంథాలలో వాదప్రతివాదాలుగా, ఇతిహాసాలలో ధర్మసంకటంగా కనిపిస్తుంది. మూత వేసి నిద్రపుచ్చిన ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఎంత మిగిలిందో దానిని లేపకుండా చూడడం ఎలా అన్న అతి సామాన్యమైన ప్రశ్నలో ఇదే చిక్కు మళ్లీ తలెత్తుతుంది.

అది తలెత్తడానికి మహానగరమే కానక్కరలేదు. సంగ కాలంలో అదియమానులు ఏలిన తగడూరే నేటి ధర్మపురి. ఆ జిల్లాలోని ఇండూరు వంటి ఊళ్లున్న ప్రాంతంలో, తమిళం నడుమ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు కూడా ఉన్న చోట, ల్యాప్‌టాప్ విద్యార్థుల చేతికి విరివిగా అందింది ప్రభుత్వ పథకం వల్ల. 2011 సెప్టెంబరు 15న ఆరంభమైన ఆ పథకం కింద తమిళనాడు ప్రభుత్వం తన పాఠశాలల్లోను కళాశాలల్లోను, తన సహాయం పొందే విద్యాసంస్థల్లోను చదివేవారికి ల్యాప్‌టాప్‌లను ఉచితంగా పంచిపెట్టింది. ఆ మరుసటి ఏడాదే చెన్నై వెలుపలి జిల్లాలు రోజుకు ఎన్నో గంటల కరెంటు కోతతో అల్లాడాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని చోట మిగిలిన ఛార్జింగ్ ఎంతన్నది కుతూహలం తీర్చుకునే విషయం కాదు, ఆ రాత్రి చదువు సాగుతుందా లేదా అన్న విషయం. దానిని చూడడానికి తెర వెలిగించడమంటే దీపంలో చమురు ఎంతుందో చూడడానికి వత్తి ఎగదోసి మండించడం వంటిది.

యంత్రానికి నిద్ర అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. 1996లో వెలువడిన ఏసీపీఐ అనే ప్రమాణం కంప్యూటర్ నిద్రను కొన్ని మెట్లుగా విభజించింది. అందులో ఎస్-3 అనే స్థితిలో ప్రాసెసర్, తెర, డిస్కు అన్నీ ఆగిపోతాయి. ర్యామ్, అంటే చేస్తున్న పనిని తాత్కాలికంగా నిలిపి ఉంచే జ్ఞాపకస్థానం, మాత్రం సన్నని విద్యుద్ధారతో నిలిచి ఉంటుంది. ఎస్-4 అనే స్థితిలో ఆ జ్ఞాపకాన్ని కూడా డిస్కు మీద వ్రాసి, యంత్రం పూర్తిగా చల్లబడుతుంది. దీనినే హైబర్నేట్ అంటారు. ఎస్-3లో అన్నీ నిద్రించినా రెండు చిన్న భాగాలు నిద్రించవు. ఒకటి మూతను, పవర్ బటన్‌ను, ఛార్జర్‌ను కనిపెట్టి ఉండే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్. రెండవది బ్యాటరీ లోపలే ఉండి దాని రాకపోకలను లెక్కగట్టే గేజ్ చిప్. పాత ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో బ్యాటరీ మీదనే ఒక చిన్న మీట, దాని పక్కన నాలుగైదు దీపాలు ఉండేవి; మీట నొక్కితే ఎన్ని దీపాలు వెలిగితే అంత ఛార్జింగ్ ఉన్నట్లు. యాపిల్ సంస్థ 2008లో తెచ్చిన, ఒకే అల్యూమినియం దిమ్మ నుంచి మలచిన మ్యాక్‌బుక్ ప్రోలో ఈ దీపాలు యంత్రం పక్క అంచుకు చేరాయి. మీట నొక్కినా యంత్రం లేవదు; లేవకుండానే జవాబు వస్తుంది.

బృహదారణ్యకోపనిషత్తు రెండవ అధ్యాయపు ఆరంభ కథకు ఈ మీట ఒక విచిత్రమైన వ్యాఖ్య. దృప్తబాలాకి అనే గార్గ్యుడు కాశీరాజు అజాతశత్రువుకు బ్రహ్మాన్ని ఉపదేశిస్తానని వచ్చి, సూర్యునిలోని పురుషుడు, చంద్రునిలోని పురుషుడు అంటూ వరుసగా చెప్పి, ఒక్కొక్కటే రాజు కాదంటూ పోగా చివరికి మాట రాక నిలిచిపోతాడు. అప్పుడు రాజు అతని చేయి పట్టుకొని నిద్రిస్తున్న ఒక మనిషి దగ్గరికి తీసుకువెళ్తాడు. ప్రాణానికి చెందిన గొప్ప పేర్లతో పిలుస్తాడు; ఆ మనిషి లేవడు. చేతితో తట్టి కదిలిస్తాడు, లేస్తాడు. తెలివి రూపమైన ఈ పురుషుడు నిద్రలో ఎక్కడున్నాడు, ఎక్కడి నుంచి తిరిగి వచ్చాడు అని రాజు అడుగుతాడు. గార్గ్యుడికి తెలియదు. గుండె నుంచి పురీతత్తు అనే పొర వైపు వ్యాపించే హితలనే 72,000 నాడుల గుండా సాగి అతడు అక్కడ విశ్రమిస్తాడని రాజే చెబుతాడు.

శంకరాచార్యుల భాష్యం ఈ కథలో పట్టుకున్న మర్మం పిలుపులోనే ఉంది. శ్వాస ఆడుతూనే ఉన్నది గనుక ప్రాణం నిద్రలోనూ మేలుకొనే ఉంది. మేలుకొని ఉన్నది తన పేరు పెట్టి పిలిచినప్పుడు పలకాలి. పలకలేదు గనుక అనుభవించే చేతనుడు ప్రాణం కాదు. ప్రశ్నోపనిషత్తులో నాలుగవ ప్రశ్న కూడా ఇదే విషయం: ఈ దేహంలో నిద్రించేవేవి, మేలుకొని ఉండేవేవి? అడిగినవాడు సౌర్యాయణి, అతడూ గార్గ్యుడే కావడం యాదృచ్ఛికమైనా ముచ్చటగా ఉంది. దేహమనే పురంలో ప్రాణాలనే అగ్నులే మేలుకొని ఉంటాయన్నది పిప్పలాదుని సమాధానం. గేజ్ చిప్ అచ్చంగా ఈ అగ్నుల జాతికి చెందినది. అయితే భాష్యకారుని తర్కం ఇక్కడ ఒక ఇబ్బందిలో పడుతుంది, ఎందుకంటే ఇది పిలిస్తే పలుకుతుంది. మీట దాని పేరు. దీపాలు దాని పలుకు. పలికినంత మాత్రాన అది ఎరిగినదవుతుందా? కాదనే చెప్పాలి. పలకనిది చేతనం కాదన్న వాదాన్ని ఒప్పుకున్నా, పలికేదంతా చేతనమని దాని నుంచి తేలదు. కాబట్టి ఉపనిషత్తు పరీక్ష కాదనడానికే పనికివస్తుంది గాని ఔననడానికి పనికిరాదు.

అసలైన వివాదం నిద్ర లేచిన తరువాత మొదలవుతుంది. సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు అని లేచినవాడు అంటాడు. (ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న తెలుగు సామెతలోని సుఖం పడక సుఖం, వేదాంతులు చెప్పేది నిద్రే సుఖమని.) ఆ మాట జ్ఞాపకమా, ఊహా? అద్వైతులు జ్ఞాపకమంటారు. అనుభవించనిది జ్ఞాపకం రాదు. ఏమీ తెలియకపోవడం జ్ఞాపకం వచ్చిందంటే ఆ తెలియకపోవడాన్ని నిద్రలోనే ఎవరో చూసి ఉండాలి. ఆ చూసినదే సాక్షి, అంటే దేనిలోనూ పాలుపంచుకోకుండా అన్నిటినీ వెలిగించే ఎరుక. 14వ శతాబ్దానికి చెందిన విద్యారణ్యుని పంచదశి తొలి ప్రకరణంలోనే ఈ యుక్తిని ఆశ్రయిస్తుంది. యోగసూత్రాల సమాధిపాదం కూడా నిద్రను జ్ఞానం లేమిగా కాక ఒక చిత్తవృత్తిగానే లెక్కించింది. నైయాయికులు దీనిని ఒప్పుకోరు. మనస్సు చర్మంతో సంబంధం వదిలి పురీతత్తులో చేరితే జ్ఞానం పుట్టే సామగ్రే ఉండదని విశ్వనాథ పంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళి వంటి గ్రంథాలు చెబుతాయి. ఉపనిషత్తు చెప్పిన పురీతత్తునే తీసుకొని వారు దాని నుంచి సరిగ్గా ఎదురు ఫలితాన్ని రాబట్టారు. వారి లెక్కలో లేచినవాడి మాట అనుమానం, అంటే గుర్తును బట్టి చేసిన నిర్ధారణ: ఒళ్లు తేలికగా ఉంది, పొద్దు ఎక్కింది, నడుమ జరిగినదేదీ మనసులో లేదు, కనుక హాయిగా నిద్రపట్టి ఉండాలి.

బ్యాటరీలో ఛార్జింగ్ ఎంతో తెలుసుకోవడానికి ఉన్న రెండు పద్ధతులు ఈ రెండు పక్షాలకు సరిగ్గా సరిపోవడం ఆశ్చర్యకరం. మొదటి పద్ధతిలో విద్యుత్తు పోయే దారిలో అతి స్వల్పమైన నిరోధకాన్ని ఉంచి, దాని రెండు కొసల మధ్య ఏర్పడే వోల్టేజిని క్షణక్షణం కొలిచి, లోనికి వచ్చినదెంత, బయటికి పోయినదెంత అని కూడుతూ తీసివేస్తూ పోతారు. దీనిని కూలుంబు లెక్క అంటారు. ఇది నిద్ర పొడవునా మేలుకొని ఉన్నవాడి సాక్ష్యం. రెండవ పద్ధతిలో ఏ లెక్కా ఉండదు. బ్యాటరీ వోల్టేజిని ఒకసారి కొలిచి, దానిని బట్టి నిల్వను ఊహిస్తారు. సాధారణ లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు వోల్టేజి 4.2 దగ్గర, ఖాళీ అయ్యేటప్పటికి 3 దగ్గర ఉంటుంది. గుర్తును బట్టి నిర్ధారణ గనుక ఇది అనుమానమే.

ఏది నమ్మదగినది? రెండూ విడివిడిగా నమ్మదగినవి కావు. లెక్కగట్టేవాడు ఎంత మెలకువగా ఉన్నా ప్రతి కొలతలోను రవ్వంత తప్పు ఉంటుంది, ఆ తప్పు రోజులు గడిచేకొద్దీ పేరుకుపోతుంది. పైగా సెల్ తనలో తాను కోల్పోయే ఛార్జి ఆ నిరోధకం గుండా పోదు గనుక లెక్కకే రాదు. సాక్షికి కనబడని నష్టం ఒకటి ఉందన్నమాట. ఇటు వోల్టేజిని బట్టి ఊహించడానికి నడిమి భాగంలో దాని వాలు చాలా తక్కువ, కొద్దిపాటి కొలత తేడాతో నిల్వ అంచనా ఎంతో మారిపోతుంది. యంత్రం పనిలో ఉన్నప్పుడు వోల్టేజి కుంగి ఉండడం వల్ల ఆ ఊహ మరింత తప్పుతుంది. అందుకే మంచి గేజ్ చిప్‌లు రెండు పద్ధతులనూ కలుపుతాయి: మెలకువలో లెక్క నడుపుతాయి, యంత్రం కొన్ని గంటలు నిశ్చలంగా నిద్రించి వోల్టేజి కుదుటపడినప్పుడు దానిని చూసి లెక్కలోని తప్పును దిద్దుకుంటాయి. మెలకువలో పోగైన భ్రమ సుషుప్తిలో తీరుతుందన్న మాటను ఇంత అక్షరార్థంగా వేదాంతి కూడా ఊహించి ఉండడు.

అయితే ఈ పోలికను సాక్షి వరకు లాక్కుపోవడం తగదు. సాంఖ్యులు పురుషుణ్ణి అకర్త అన్నారు, అంటే చూడడం వల్ల అతడికి ఏ ఖర్చూ ఉండదు, అతడు చూడడం వల్ల దేనిలోనూ మార్పు రాదు. గేజ్ చిప్ అలాంటిది కాదు. తాను కొలిచే నిల్వలోంచే అది స్వల్పంగానైనా తింటుంది, మీట నొక్కితే వెలిగే దీపాలు మరికొంత తింటాయి. లేపకుండా తెలుసుకోవడమంటే ఖర్చు లేకుండా తెలుసుకోవడం కాదు, తక్కువ ఖర్చుతో తెలుసుకోవడం మాత్రమే. ఆ చిప్ ప్రకృతిలోనిది. పిప్పలాదుని ప్రాణాగ్ని అది, విద్యారణ్యుని సాక్షి కాదు. అంకె విషయంలో నైయాయికుని సందేహమే గెలుస్తుంది, ఎందుకంటే మేలుకొని వ్రాసిన లెక్కకు కూడా చివరికి గుర్తును చూసి దిద్దుబాటు కావలసి వచ్చింది. ఆ అంకె ఎవరికి తెలిసిందన్న ప్రశ్నను మాత్రం ఆ సందేహం తాకనే లేదు. మీట నొక్కిన వేలు యంత్రానిది కాదు.

లేపడం ధర్మమా అన్నది మరొక ముడి. ఆదిపర్వంలోని జరత్కారువు కథ దీనికి దగ్గరిది. తనకు అప్రియం చేస్తే వదిలిపోతానన్న షరతుతో పెళ్లాడిన ఆ ముని ఒకనాడు భార్య ఒడిలో తల పెట్టుకొని నిద్రిస్తూ ఉండగా పొద్దు గూకుతుంది. లేపితే కోపం, లేపకపోతే సంధ్యాలోపం. ఆమె ధర్మలోపమే పెద్ద కీడని ఎంచి మెల్లగా లేపుతుంది. తాను సంధ్య వార్చకుండా నిద్రిస్తూ ఉంటే అస్తమించే సాహసం సూర్యునికి ఉండదని అతడు అలిగి వెళ్లిపోతాడు. చాలా యంత్రాలలో ఈ ముడిని విప్పే పని ఎంబెడెడ్ కంట్రోలర్‌కు అప్పగించారు: నిద్రలోనే నిల్వ అడుగంటుతున్నప్పుడు అది యంత్రాన్ని కొద్ది క్షణాలు లేపి, జ్ఞాపకంలోని పనిని డిస్కు మీద వ్రాయించి, ఆ తరువాత పూర్తిగా ఆర్పివేస్తుంది. దాని మీద అలిగేవారెవరూ లేరు.

పక్క అంచున దీపాలున్న మ్యాక్‌బుక్ ప్రోల కాలం ఎక్కువ నాళ్లు సాగలేదు. 2012లో పలుచని రెటీనా తెరతో వచ్చిన నమూనాలో యాపిల్ ఆ మీటనూ దీపాలనూ తీసివేసింది. ఛార్జర్ తగిలించకుండా దాని నిల్వ తెలియాలంటే అజాతశత్రువు చేసినట్లు చేయి వేసి లేపడమే.