అరచేతిలో వడ్లగింజ



పామర్రు పరిసరాల మన విచారణలలో వడ్లు ఎరుగని కుటుంబం లేదు. బస్తాల లెక్క మనకు తెలుసు. తేమ శాతం తెలుసు, ధర తెలుసు. అయితే ఒక్క గింజను అరచేతిలో పెట్టుకుని పది నిమిషాలు నిదానంగా చూసినవారు మనలో ఎందరు?

ప్రభువు మనలను చూడమనే చెప్పారు. పొలంలోని పూలు ఎలా పెరుగుతున్నాయో గమనించమని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో బోధించారు. ఎవరికి? తీరిక ఉన్నవారికి కాదు. రేపు ఏమి తినాలి, ఏమి కట్టుకోవాలి అని దిగులుపడే బీదజనానికి.

ధ్యానం మన శ్రీసభకు చెందినదేనా అని కొందరికి సందేహం. 1373లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణపు భక్తురాలు జూలియన్, దర్శనంలో తన అరచేతిలో హేజెల్ గింజంత చిన్న వస్తువును చూసింది. అంత అల్పమైన దానిని సైతం దేవుని ప్రేమే నిలుపుతున్నదని గ్రహించింది. లొయోలాపురి పునీత ఇగ్నేషియస్‌వారు కూడా సృష్టిలోని ప్రతి వస్తువులో దేవుడు మనకోసం పనిచేస్తున్నాడని తలపోయమన్నారు. కనుక సంకోచం వద్దు.

ఈ వారం ఒక సాయంత్రం జపమాలకు ముందు ఇంటిల్లిపాదీ కూర్చోండి. టీవీ, సెల్‌ఫోను కట్టేయండి. ఒక్కొక్కరూ ఒక గింజ తీసుకుని, సిలువ గుర్తు వేసుకుని చూడండి. రెండు పొట్టు రేకులు ఒకదానిలో ఒకటి ఇమిడిన గీత కనిపిస్తుంది. ఒక ఉదయం ఆ రేకులు కొద్దిసేపు విడివడి, పువ్వు విచ్చి, మళ్ళీ మూసుకున్నాయి. మన పొలంలోని పువ్వు అదే! ఎన్నిసార్లు గట్టుమీద నడిచినా మనం చూడలేదు.

మనసు అప్పుల వైపు, పిల్లల ఫీజుల వైపు పరుగెడుతుంది. కోపపడక, మెల్లగా గింజ దగ్గరకు తీసుకురండి. తరువాత దాని వెనుక ఉన్నవారిని తలచుకోండి. ప్రకాశం బ్యారేజి నుండి కాలువల్లో వచ్చిన కృష్ణ నీరు, 2015 నుండి పట్టిసీమ మీదుగా వచ్చి దానితో కలిసిన గోదావరి నీరు, నడుము వంచి నాట్లు వేసిన అక్కచెల్లెళ్ళ చేతులు. చివరకు, అన్నీ ఇచ్చిన తండ్రిని.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన కల్లాలను ముంచింది. ఒక కౌలు రైతు మొలకెత్తిన వడ్లు గుప్పెడు తెచ్చి, "ఫాదర్‌గారూ, దీనిలో ఏ దేవుణ్ణి చూడమంటారు?" అని అడిగాడు. నేలలో పడి చనిపోయిన గింజ గురించి ప్రభువు పలికిన మాట నా నోటి దాకా వచ్చింది. ఆగిపోయాను. ఆ గింజ పొలంలో పడి ఫలిస్తుంది. ఈ గింజ రాశిలోనే మొలిచింది. ఇది విత్తనానికీ పనికిరాదు, వంటకూ పనికిరాదు. పైగా కౌలు బస్తాలు కొలవక తప్పదు. ఇద్దరం ఆ గింజలనే చూస్తూ చాలాసేపు మౌనంగా కూర్చున్నాం. ఆనాడు నాకు పాఠం చెప్పింది ఆయనే.

గింజను చూసిన కన్ను దానిని పండించినవాని ముఖం చూడకపోతే, అది ధ్యానం కాదు, కాలక్షేపం. ప్రభువు దిగులుపడేవారిని పూల వైపు చూడమన్నారు. ఆకలిగొన్నవారిలో తనను చూడమని మత్తయి 25వ అధ్యాయంలో మనకు చెప్పారు. రెండూ ఒకే చూపు.

కనుక భూమి గల సోదరులారా, పంట పోయిన ఏడు కౌలు తగ్గించే సంగతి ఆ పది నిమిషాలలోనే ఆలోచించండి. తల్లులారా, కంచంలో అన్నం వదిలే బిడ్డను కసరకముందు, వాడి చేతిలో ఒక వడ్లగింజ పెట్టండి. ఆదివారం దివ్యబలిపూజలో గురువు అప్పమును ఎత్తినప్పుడు, ఆ గింజనూ ఆ ముఖాన్నీ జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువా, మా చేతిలో ఉన్నదానిని చూసే కన్నులు మాకు దయచేయండి. చూసిన తరువాత, గుప్పిలి విప్పే మనసు కూడా దయచేయండి. ఆమెన్.