బొమ్మ వేసింది ఎవరు?

చెక్కపలక మీద ముందు నల్లరంగు పోశాం. అది తడిగా ఉండగానే దాని మీద తెల్లరంగు పోశాం. ఇక ఎవరూ ముట్టుకోవద్దన్నారు నేర్పుతున్నాయన. కాసేపటికి తెలుపు అక్కడక్కడా కుంగింది. కింది నలుపు చుక్కలుగా పైకి లేచింది. చుక్కలు విచ్చుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని, పలకంతా గళ్లుగళ్లుగా అల్లుకుపోయాయి. బ్రష్షు పట్టుకుని వారం కూర్చున్నా నా చేతికి రాని అల్లిక అది. చుట్టూ ఉన్నవాళ్లు సంబరంగా ఫొటోలు తీసుకుంటున్నారు. నన్ను మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది: ఈ బొమ్మ వేసింది ఎవరు?

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో నేను నేర్చుకున్నదంతా చేతిని అదుపులో పెట్టుకోవడమే. గీత వణకకూడదు, వాష్ అంచు దాటకూడదు, వెలుగూ నీడా కలిసేచోట తేడా తెలియకూడదు. ఆ సాధన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. అయితే సాధనతో పాటు ఒక నమ్మకం కూడా నాలో దిగిపోయింది. బొమ్మలో ఉన్న ప్రతి చుక్కా నా ఇష్టప్రకారమే రావాలి, నాకు తెలియకుండా వచ్చినది తప్పు. వర్క్‌షాపులకు వెళ్లడం మొదలుపెట్టాక అన్నిటికంటే ముందు కదిలింది ఈ నమ్మకమే.

పలక మీద పోసిన ఆ పోతకు పెద్ద చరిత్రే ఉంది. మెక్సికో కుడ్యచిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్క్‌లో ఒక వర్క్‌షాప్ నడిపాడు. దాని పేరే ఎక్స్‌పెరిమెంటల్ వర్క్‌షాప్. కార్లకు కొట్టే లక్కరు, స్ప్రే గన్ను, స్టెన్సిళ్లు, ఇసుక, ఏది దొరికితే అది అక్కడ రంగుల బల్ల మీదికి వచ్చింది. మేడే ఊరేగింపు శకటాలు కూడా ఆ చేతులే కట్టాయి. ఆ గుంపులో జాక్సన్ పొలాక్ అనే కుర్రాడు ఉన్నాడు, అప్పటికి అతనికి 24 ఏళ్లు. కాన్వాసును నేల మీద పరిచి, రంగును పైనుంచి చిమ్ముతూ వేసిన అతని ప్రసిద్ధ చిత్రాలు 1947 నుంచి గానీ రాలేదు. వర్క్‌షాపులో కంటితో చూసినది ఒంటికి పట్టడానికి అతనంతటివాడికే పదేళ్లు దాటింది. వారాంతపు క్యాంపు ముగిసేసరికి తమదంటూ ఒక శైలి చిక్కలేదని దిగులుపడే పిల్లలకు నేను ఈ సంగతే చెబుతుంటాను.

సికేరోస్ ఈ పోతను యాదృచ్ఛిక చిత్రణ అన్నాడు. కానీ 2015లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే పోతను ప్రయోగశాలలో మళ్లీ చేసి చూశారు. తెల్లరంగు నల్లరంగు కంటే సాంద్రమైనది. బరువైన ద్రవం పైన, తేలికైనది కింద ఉంటే ఆ పొర నిలవదు, పైది దిగడానికీ కిందిది లేవడానికీ పెనుగులాడతాయి. భౌతికశాస్త్రంలో దీన్ని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. వరస తిప్పి, తేలికదాన్ని పైన పోస్తే అల్లిక రాదు. అంటే చుక్క ఎక్కడ లేస్తుందో మన చేతిలో లేదు గానీ, చుక్కలు లేవడం మాత్రం మనం రంగు ఎంచుకున్నప్పుడే ఖాయమైపోయింది. ఈ వివరణ చదివాక ఆ పలక మీద నాకు మోజు తగ్గలేదు, ఇంకా పెరిగింది. రంగుకు తనదైన నడత ఉందని, అది నా ఉద్దేశాలకు లోబడినది కాదని తెలియడం ఒకరకమైన వినయాన్నిచ్చింది.

మా నాన్నగారు రోజూ పొద్దున్నే భగవద్గీత చదువుకునేవారు. పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా అయిదు కారణాలుంటాయని చెబుతారు: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. తానొక్కణ్నే కర్తననుకునేవాడు ఉన్నదున్నట్టు చూడలేడని ఆ వెంటనే వస్తుంది. చిన్నప్పుడు అది నాకు వైరాగ్యం బోధించే మాటలా వినిపించేది. స్టూడియోలో అది పనికి సంబంధించిన మాట అయింది. గుడ్డ ఉంది, నేనున్నాను, బ్రష్షూ రోలరూ ఉన్నాయి, చేతుల కదలికలున్నాయి, నా లెక్కకు అందకుండా గాలిలో తేమో, రంగు బరువో ఉంది. ఇన్నిటి మధ్య నా వాటా ఎంత? ఆ వాటా ఎక్కడ ఖర్చుపెట్టాలి?

నాకు జవాబు దొరకడం మొదలైంది పెయింటింగ్ వర్క్‌షాపులో కాదు, ప్రింట్‌మేకింగ్ గదిలో. పెయింటర్లు సాధారణంగా ఆ గదివైపు వెళ్లరు. యాసిడ్ వాసన, ఇనుప ప్రెస్సు, మసిగుడ్డలు. అక్కడ విస్కాసిటీ పద్ధతి చూపించారు. మామూలుగా అచ్చులో రంగుకో ప్లేటు కావాలి. ఇందులో ఒకే ప్లేటు, ప్రెస్సులోంచి ఒకేసారి వెళుతుంది, రంగులన్నీ ఒకేసారి కాగితం మీదికి దిగుతాయి. దానికోసం ప్లేటును యాసిడ్‌తోనూ పనిముట్లతోనూ మెట్లుమెట్లుగా లోతు చేస్తారు. ముందుగా గాడుల్లోకి నల్ల ఇంకు దట్టించి, గంజి పెట్టిన పల్చటి గుడ్డతో పైభాగమంతా తుడిచేయాలి. తర్వాత అవిసె నూనె బాగా కలిపిన పలుచని ఇంకును గట్టి రోలరుతో, బరువు వేయకుండా దొర్లించాలి. అది పైమెట్టుకే అంటుతుంది. చివరికి నూనె కలపని చిక్కటి ఇంకును మెత్తటి రోలరుతో బాగా ఒత్తి దొర్లించాలి. మెత్తటి రోలరు కింది మెట్టు దాకా దిగి అక్కడ రంగు వదులుతుంది, కానీ పైమెట్టు మీద నూనె ఇంకు అప్పటికే ఉంది కాబట్టి చిక్కటి ఇంకు అక్కడ నిలవదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, కలవవు. చిక్కటిది ముందు వేసి పలుచనిది తర్వాత వేస్తే మాత్రం ఒకదానిమీద ఒకటి కూర్చుని మూడో రంగు పుడుతుంది. నూనె పాలు, వరస, రోలరు మెత్తదనం, చేతి బరువు. వీటిలో ఏ ఒక్కటి మారినా బొమ్మ మారిపోతుంది.

నూనె సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర ఏ పరికరమూ లేదు. అరిసెల పాకం చూసినట్టు, కత్తితో ఇంకు ఎత్తి అది జారే తీరు చూడాలి. అద్దం మీద రోలరు నడుపుతుంటే చిక్కటి ఇంకు చిటపటమంటుంది, నూనె పడేకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. "కళ్లతో ఏం తెలుస్తుందమ్మా, చెవి పెట్టు" అన్నారు మాకు నేర్పిన పెద్దాయన. బొమ్మ వేయడంలో చెవికి పని ఉంటుందని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆయన కళ్లు మూసుకుని, నా రోలరు చప్పుడు విని, "ఇంకో రెండు చుక్కలు" అనేవారు. ఆ రెండు చుక్కల తర్వాత అచ్చులో నీలం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

ప్రెస్సు చక్రం తిప్పి, తడి కాగితాన్ని మూల పట్టుకుని లేపేటప్పటికి నేను చేయగలిగినది ఏమీ మిగలదు. చేయాల్సిందంతా ముందే అయిపోయింది. గీత గీసే క్షణంలోనే నా కళంతా ఉందని అనుకుంటూ వచ్చిన నాకు ఇది కొత్త. ప్రయోగాత్మక చిత్రకళ అంటే చిత్రకారుడు తప్పుకుని అంతా కాకతాళీయానికి అప్పగించడమని చాలామంది అంటారు, మెచ్చుకుంటూనో వెక్కిరిస్తూనో. నేను చూసింది వేరు. అక్కడ కర్త తప్పుకోడు, పనిలో తన చోటు మార్చుకుంటాడు. గీత దగ్గరనుంచి జరిగి, ఒక కాలు గీతకు ముందున్న సిద్ధతలో, ఒక కాలు గీత తర్వాతి చూపులో పెడతాడు. నడిమధ్యన పదార్థం తన పని తాను చేసుకునేందుకు చోటిస్తాడు.

విస్కాసిటీ పద్ధతి రూపుదిద్దుకున్నది పారిస్‌లో, స్టాన్లీ విలియం హేటర్ 1927లో ప్రారంభించిన, తర్వాత అటెలియే 17 పేరుతో ప్రసిద్ధికెక్కిన స్టూడియోలో. హేటర్ చదివింది రసాయనశాస్త్రం. చిత్రకారుడిగా స్థిరపడకముందు ఇరాన్‌లోని అబాదాన్‌లో ఒక చమురు కంపెనీలో ఉద్యోగం చేశాడు. నూనెల గుణం తెలిసినవాడి గదిలో ఇంకులోని నూనె గురించి ఆలోచన పుట్టడంలో వింత లేదు. అయితే దాన్ని పద్ధతిగా నిలబెట్టిన ఇద్దరు ముఖ్యుల్లో ఒకరు బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ, రెండోవారు మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్ స్లేడ్ స్కూలు మీదుగా పారిస్ చేరారాయన. ఆయన శిల్పి కూడా. అందుకే ప్లేటును కాగితానికి సాధనంగా మాత్రమే చూడలేదు, లోహంలో లోతులు తీసిన శిల్పంగా చూశారు. 1963 నాటి 'వర్ల్‌పూల్' ముందు నిలబడితే ఆ లోతులే రంగుల్లో తిరుగుతున్నాయనిపిస్తుంది. 'గ్రేట్ క్లౌన్' అయితే ఒకే చెక్కడం మీద రకరకాల రంగుల మేళవింపులతో అచ్చయింది. ఒక్కో అచ్చులో ఆ విదూషకుడి మనసు ఒక్కోలా ఉంటుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, ఆయన ఈ విద్యను దాచుకోకపోవడం. పారిస్‌లో, ఆ తర్వాత న్యూయార్క్‌లో, దేశదేశాల వర్క్‌షాపుల్లో దశాబ్దాలపాటు అడిగినవాళ్లందరికీ నేర్పారు. నూనె పాళ్లు, రోలర్లు, వరస, అన్నీ బయటపెట్టారు. అయినా ఆయన ప్రింట్లను మరొకరివిగా పొరబడలేం. కిటుకు అందరికీ ఇచ్చేసినా తరగనిదేదో ఆయన దగ్గర ఉంది, అది కిటుకులో లేదు గనకనే ఇవ్వగలిగారు. 1972లో పద్మశ్రీ అందుకుని, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఈ మనిషి పేరు తెలుగునాట చదువుకున్న ఇళ్లలో కూడా చాలామందికి తెలియదు. నా మనసు నిజంగా కలుక్కుమంటుంది.

గుడ్డ గురించి కూడా చెప్పాలి. 1952లో హెలెన్ ఫ్రాంకెంథాలర్ 'మౌంటెన్స్ అండ్ సీ' వేసినప్పుడు కాన్వాసుకు ప్రైమర్ పూయలేదు. ఏడడుగుల ఎత్తు, పదడుగులకు కాస్త తక్కువ వెడల్పున్న పచ్చి గుడ్డను నేల మీద పరిచి, బొగ్గుతో కొన్ని గీతలు గీసి, టర్పెంటైన్‌తో బాగా పలుచన చేసిన ఆయిల్ రంగును పోసింది. గుడ్డ దాన్ని తాగేసింది. మరుసటి ఏడాది ఆ చిత్రం చూసిన చిత్రకారులు మోరిస్ లూయిస్, కెన్నెత్ నోలాండ్‌ల దారే మారిపోయింది. నేను ఒక క్యాంపులో ఈ పద్ధతి చేసి చూస్తూ మా శ్రీకాళహస్తి కలంకారీని తలచుకున్నాను. అక్కడ చేసేది సరిగ్గా దీనికి ఎదురు. గాడగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని వెన్న రంగును పాకనివ్వదు, కలం గీసిన గీత గీసినచోటే ఉంటుంది. కరక్కాయలోని వగరు ఇంకో పని చేస్తుంది. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో గీత గీస్తే, అది గుడ్డను తాకి నల్లబడుతుంది. నలుపు సీసాలో లేదు, గుడ్డలోనూ లేదు, రెండూ కలిసినచోట పుడుతుంది. పటిక నీళ్లతో రాసినచోట అప్పటికి ఏమీ కనబడదు, వేళ్లనుంచి తీసిన రంగులో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. కనబడని దాన్ని చేయి తడబడకుండా రాసుకుంటూ పోవాలి. ఆ కళాకారులను ఎవరూ ప్రయోగవాదులనరు, సంప్రదాయ కళాకారులంటారు. న్యూయార్క్ స్టూడియోలో పొర వద్దనుకున్న ఫ్రాంకెంథాలర్‌కూ, స్వర్ణముఖి ఒడ్డున పాలతో పొర కట్టేవాళ్లకూ తెలిసిన సంగతి ఒక్కటే: గుడ్డకు దాహం ఎంత అన్నది. ప్రయోగం, సంప్రదాయం అని మనం గీసిన గీత నాకు ఆ రోజునుంచి అంత నమ్మదగ్గదిగా అనిపించడం లేదు.

వర్క్‌షాపుల్లో నాకు నచ్చనిది కూడా ఉంది. తడి వాటర్ కలర్ మీద ఉప్పు చల్లితే పువ్వులు విరుస్తాయి, ఆల్కహాల్ చుక్క వేస్తే కన్నులు తెరుచుకుంటాయి, ప్లాస్టిక్ కాగితం కప్పి తీస్తే స్ఫటికాలు వస్తాయి. సాయంత్రం గోడకు వరసగా పెడితే అందరి కాగితాలూ అందంగానే ఉంటాయి, అందరివీ ఒకేలా ఉంటాయి. ఆ అందం ఉప్పుది. దాన్ని మనదిగా పేరు రాసుకుని ఇంటికి పట్టుకెళ్లమని ప్రోత్సహించే వర్క్‌షాపులు నేర్చుకునేవాడికి అన్యాయం చేస్తున్నాయని నా గట్టి అభిప్రాయం. మాక్స్ ఎర్న్‌స్ట్ 1925లో పాత చెక్క నేల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. కాగితం మీదికి వచ్చింది చెక్క నారే. కానీ ఆ నారలో అతను అడవులను చూశాడు, పక్షులను చూశాడు, చూసినదాన్ని ఉంచి మిగతాదాన్ని వదిలాడు. రుద్దడం ఒక పూటలో ఎవరికైనా వస్తుంది. ఆ చూపుకు అన్నేళ్లుగా తాను చూసినవీ, చదివినవీ, భయపడినవీ అన్నీ కావలసి వచ్చాయి. వర్క్‌షాప్ ఆ చూపును ఇవ్వలేదు. అది ఎక్కడ అవసరమో చూపించగలదు, అదే చాలా గొప్ప సాయం.

ఈ మధ్య నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లతో మొదటి పూట రంగు ముట్టించడం లేదు. రకరకాల గుడ్డలూ కాగితాలూ ఇచ్చి నీటిచుక్క వేయమంటాను. ఎంత వేగంగా పీల్చింది, ఎంత దూరం పాకింది, అంచు ఎలా ఆరింది రాసుకోమంటాను. కొందరికి విసుగు. నా పనిబల్ల మీద ఇప్పుడు ఒక గాడగుడ్డ ఉంది. సగం కరక్కాయ పాలలో నానబెట్టి, సగం పచ్చిగా వదిలాను. ఆక్రిలిక్‌ను పలుచన చేసి ఒకే గీతను ఈ కొసనుంచి ఆ కొసకు లాగాలని ఆలోచన. ఆయిల్ ఎందుకు వాడటం లేదంటే, పొర లేని నూలుగుడ్డను అది కాలం గడిచేకొద్దీ పెళుసుగా మారుస్తుంది. పాలు పట్టిన భాగం, పట్టని భాగం కలిసేచోట ఆ గీత ఏం చేస్తుందో రెండు మూడు చిన్న ముక్కల మీద చూశాను, ప్రతిసారీ వేరుగా వచ్చింది. పాలు ఇంకా చిక్కగా ఉండాలేమో. వచ్చేవారం శ్రీకాళహస్తి వెళ్లి అడుగుతాను.