చలేసింది

బాధ చెప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు. ఎవరి బరువన్నదే నా అనుమానం. ఎదుటి మనిషి బావురుమంటే మనం భుజం మీద చెయ్యేసి, ఊరుకోమని నాలుగు మాటలు చెప్పి, తేలిగ్గా లేచి ఇంటికొచ్చేస్తాం. కళ్ళు తడవకుండా చెప్పేవాళ్ళ ముందే మనకి ఊపిరాడదు.

క్లాడ్ లాంజ్‌మాన్ తీసిన ‘షోవా’ 1985లో వచ్చింది. తొమ్మిది గంటలు దాటిన సినిమా. యూదుల ఊచకోత గురించి తీస్తూ ఆనాటి ఫిల్ము ముక్క ఒక్కటి కూడా వాడలేదు. అంతా మనుషుల మాటలే. అందులో అబ్రహం బాంబా అనే ఆయన ఉంటాడు. గ్యాసు పెట్టి చంపేముందు ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే పని ట్రెబ్లింకా నాజీ శిబిరంలో ఆయన చేత చేయించారు. లాంజ్‌మాన్ ఇజ్రాయెల్‌లో ఒక సెలూను అద్దెకు తీసుకుని, ఆయన చేతికి కత్తెరిచ్చి, కుర్చీలో ఒకర్ని కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. బాంబా చాలాసేపు రైళ్ళ వేళలు చదివినట్టు చెప్పుకుపోతాడు. తనతోపాటు అదే పని చేస్తున్న తన ఊరి మిత్రుడి ముందుకి అతని భార్య, తోబుట్టువు వచ్చారన్న దగ్గర ఆగిపోతాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడు. నావల్ల కాదు, వదిలెయ్యమంటాడు. లాంజ్‌మాన్ వదలడు.

ఈ సినిమా గురించి రాసేవాళ్ళు ఎక్కువగా ఆ కొద్ది నిమిషాల దగ్గరే ఆగుతారు. నిజం అక్కడ బయటపడిందంటారు. మరి అంతకుముందు పొడిపొడిగా చెప్పిందంతా ఏమిటి? అది నిజం కాదా?

మా పెద్దమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో, సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయిన ఆ రోజున, ఆవిడ భర్త, ఇద్దరు పిల్లలు కొట్టుకుపోయారు. ఆవిడ తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉంది. మాకు తెలిసింది ఇంతే. ఎప్పుడడిగినా ముందు గేదెలు పోయినయ్ అంటుంది, తర్వాత పాక, తర్వాత మనుషులు. నీళ్ళు ఏ వరసలో పట్టుకుపోయాయో ఆ వరసలోనే.

ఒక నవంబరులో ఓ టీవీ వాళ్ళు వచ్చారు. కుర్రాడు మర్యాదస్తుడే. మైకు పెట్టి, “ఆ టైములో మీకేమనిపించిందమ్మా?” అన్నాడు.

“చలేసింది” అంది.

వాడు మళ్ళీ అడిగాడు. పిల్లలు గుర్తొస్తారా అన్నాడు. “ఎందుకు రారు నాయనా, టీ తాగుతారా?” అంది. ప్రసారమైన దాంట్లో పెద్దమ్మ లేదు. పక్కింటావిడ ఏడుస్తుంటే వెనక వయొలిన్ వినిపించింది. పక్కింటావిడ దుఃఖం దొంగదని నేననను. ఆవిడకి కన్నీళ్ళొచ్చాయి, పెద్దమ్మకి రాలేదు, అంతే. కానీ చూసేవాళ్ళకి కావలసిన సరుకేదో ఆ కుర్రాడికి బాగా తెలుసు.

గాలివాన పట్టిన రాత్రి పెద్దమ్మ కొంగు మంచం కోడుకి ముడేసుకుని పడుకుంటుంది. ఇంట్లో ఎవరం దాని ఊసెత్తం.

ఆవిడ ఏడవని మనిషి అని రాయబోయి ఆగాను. ఎందుకంటే మా తాతయ్య పోయినప్పుడు చూశాను. నిండుగా బతికి, నిద్రలో పోయాడు. ఏడుపు పెద్దగా లేని చావు. పెద్దమ్మ ఊళ్ళోంచి వచ్చింది, గుమ్మంలోనే శోకం ఎత్తుకుంది. రాగం తీసి, వరస కట్టి, తాతయ్య గుణగణాలన్నీ చెబుతూ చెబుతూ, ఎక్కడ మలుపు తిరిగిందో తెలీదు, పిల్లల పేర్లలోకి వచ్చేసింది. చిన్నాడికి జొరమని చెప్పింది. నూలు దుప్పటి కప్పానంది. చెట్టు మీద ఎవరి చెయ్యో తన చేతిలోంచి జారిందంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్ళూ ఎవరి శవాన్ని వాళ్ళు ఏడుస్తున్నారు. ఉప్పెనలో తేలిన శవాలని గుట్టలు వేసి తగలబెట్టారు. ఆవిడ పిల్లలు ఏ గుట్టలో ఉన్నారో, అసలున్నారో లేదో తెలీదు. శోకం పెట్టాలంటే ఎదురుగా ఒక దేహం ఉండాలి మన దగ్గర. ఆవిడ తాతయ్యని అరువు తెచ్చుకుంది. అక్కడ ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత మళ్ళీ గేదెలు, పాక, మనుషులు. బరువేమీ తగ్గినట్టు లేదు. కొంగు ముడీ అలాగే ఉంది.

చెప్పించేస్తే నయమవుతుందన్న నమ్మకం మనొక్కళ్ళదే కాదు. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్, అగ్నిమాపక సిబ్బందిలాంటి వాళ్ళకోసం, ఘోరం జరిగిన కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి తెచ్చాడు. అది ప్రపంచమంతా పాకింది. తర్వాత జరిగిన పరిశీలనల్లో, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించినందువల్ల ముందుముందు జబ్బు రాకుండా పోదని తేలింది. కొందరికి ఇంకా చెరుపు చేసిందని కూడా. ఇది చదివి నాకు సంతోషం వేసిన మాట నిజం. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

లాంజ్‌మాన్ ఆ రోజు ఆపేసి ఉంటే, ఆ మిత్రుడు తన వాళ్ళ దగ్గర ఒక్క క్షణమైనా ఎక్కువ నిలబడాలని చూశాడన్న సంగతి నాకు తెలిసేది కాదు. అది నాకు తెలియాలి. చెట్టు మీద జారిన చెయ్యి ఎవరిదో కూడా నాకు తెలియాలి. ఇది దయ కాదు, ఆకలి. లాంజ్‌మాన్‌లో నాకు నచ్చేది ఒక్కటే. కష్టమని తెలుసన్నాడు, మన్నించమన్నాడు, అయినా చెప్పి తీరాలన్నాడు. నీ మనసు తేలికపడుతుందని మాత్రం అనలేదు. కత్తెర ఇవ్వడం కూడా, తాతయ్య దేహంలాంటి సాకు ఒకటి కావాలని కనిపెట్టడమేనేమో. అది తెలివో, క్రూరత్వమో నేను తేల్చుకోలేకపోతున్నాను.

పెద్దమ్మని అడుగుతానేమో. అడిగితే, నీ మంచికే అనను. నాకు కావాలి, నాకోసం చెప్పు అంటాను. అప్పుడైతే ఆవిడ పొమ్మనగలదు. మేలు చేయడానికొచ్చానని కూర్చున్నవాణ్ణి ఆవిడలాంటి మనిషి పొమ్మనలేదు.